బావగారి పది నిమిషాలు

మా కాలేజీ స్టాఫ్ రూమ్‌లో ఎవరైనా దయ్యం సంగతి ఎత్తితే నేను అడిగే మొదటి ప్రశ్న, ఆ పూట ఏం తిన్నారని. రెండోది, కళ్లజోడు పెట్టుకున్నారా లేదా అని. ఈ రెండు ప్రశ్నలతో ఇన్నేళ్లలో చాలా దయ్యాలనే తరిమేశాను. రాజమండ్రిలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. నాకు నోరు కాస్త ఎక్కువని మా అక్క అంటుంది. కాస్త కాదు, బాగానే ఎక్కువని మా బావగారు అనేవారు.

అలాంటి నేను ఇవాళ ఇది రాయడానికి కూర్చున్నాను. మా స్టాఫ్ రూమ్‌లో ఈ పేజీ ఎవరి కంట్లోనైనా పడితే నా పరువేం కాను? పోతే పోయింది. జరిగింది జరిగినట్టు రాస్తాను. దేనికి కారణం తెలుసో దానికి చెబుతాను, తెలియనిదాన్ని తెలియదనే అంటాను.

ముందు మా బావగారి గురించి చెప్పాలి. అక్కావాళ్లది భీమవరం దగ్గర ఊరు. రొయ్యల చెరువులున్నాయి. బావగారు ఆరడుగుల పైన ఉండేవారు, దానికి తోడు నడుంనొప్పి. పాత కారులో కూర్చుంటే మోకాళ్లు స్టీరింగుకి తగిలేవి. అందుకని పోయినేడు పెద్ద కారు కొన్నారు. సీటును మోటారుతో ముందుకీ వెనక్కీ జరుపుకోవచ్చు, పైకీ కిందికీ ఎత్తుకోవచ్చు, వాలు మార్చుకోవచ్చు. ఒకసారి కుదిరాక ఒకటో నంబరు బటన్‌లో దాచుకోవచ్చు. వేరేవాళ్లు సీటు ఎంత కదిపినా ఆ బటన్ నొక్కితే మళ్లీ యథాస్థానానికి వచ్చేస్తుంది.

బండి పూజకు అన్నవరం వెళ్లాం. చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాక, కొండ దిగి కింద ఒకచోట కారు ఆపి, బావగారు సీటు సర్దుకోవడం మొదలుపెట్టారు. కొంచెం వెనక్కి, కొంచెం ముందుకి, మళ్లీ వెనక్కి. మేమంతా ఎండలో నిలబడ్డాం. నేను ఊరుకోలేక, సత్యనారాయణ వ్రతమే ఇంతకన్నా తొందరగా అయిపోయిందండీ అన్నాను.

"నడుము నాది పంతులమ్మగారూ, మీ ఫిజిక్స్‌ది కాదు" అన్నారు.

ఆయన నన్నెప్పుడూ అలాగే పిలిచేవారు. మరదలిని ఏడిపించకపోతే ఆయనకు పొద్దు గడిచేది కాదు. తనది ఒకటో బటన్‌లో దాచుకున్నాక అక్కని కూర్చోబెట్టి, ఆమెకు తగ్గట్టు సర్ది రెండో బటన్‌లో దాచారు. ఊళ్లో కాలవ గట్టు మీద కారు నడపడం అక్కకు నేర్పారు గానీ, ఆమె మెయిన్ రోడ్డు ఎక్కేది కాదు. నాకెందుకండీ బటన్, దండగ అంది. ఉండనీ, తినేస్తుందా అన్నారాయన.

ఆ కారులో ఇంకో విశేషం గడియారం. డాష్‌బోర్డు మధ్యలో చిన్న డబ్బాలో ఉంటుంది. బావగారు దాన్ని పది నిమిషాలు ముందుకు తిప్పి ఉంచేవారు. ఎందుకంటే మా అక్క ఎక్కడికి బయల్దేరినా ఆలస్యమే. చీర కట్టుకోవడం ఒక పట్టాన తెమలదు. కట్టుకున్నాక గ్యాస్ ఆపానా లేదా అని మళ్లీ లోపలికెళ్తుంది. కారెక్కగానే ఆయన గడియారం చూపించి, చూశావా టైమెంతయిందో అనేవారు. అది పది నిమిషాలు అబద్ధమని అక్కకు తెలుసు. ఆమెకు తెలుసని ఆయనకూ తెలుసు. అయినా రోజూ అదే మాట, రోజూ అదే కంగారు. పాత కారులోనూ ఇంతే.

రొయ్యల చెరువులున్నవాళ్లకు కరెంటంటే ఎంత బెంగో బయటివాళ్లకు తెలియదు. చెరువులో ఏరేటర్లు తిరుగుతూ ఉండాలి. అవి నీళ్లు చిమ్ముతుంటేనే రొయ్యకు గాలి. ఆగితే పంట మొత్తం ఒక్క పూటలో పోతుంది. ఇంట్లో ఫ్యాన్ ఆగితే చాలు, బావగారు ఎంత నిద్రలో ఉన్నా లేచి కూర్చునేవారు. ఆయన కారు కొన్న కొత్తలో నన్నడిగిన ప్రశ్న కూడా అదే. కరెంటు తీసేస్తే ఈ బటన్ మర్చిపోదా అని.

మరిచిపోకపోవచ్చండీ అని చెప్పాను. కారులో రెండు రకాల జ్ఞాపకాలుంటాయి. ఒకటి మీ చెరువు లాంటిది, కరెంటు ఉన్నంతసేపే బతుకుతుంది. రెండోది గాదె లాంటిది. ధాన్యం పోసి తలుపు బిగిస్తే, తర్వాత దీపం ఉన్నా లేకపోయినా గింజలు లోపలే ఉంటాయి. కారు ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఏ తాళంచెవి దానిది, ఇలాంటివన్నీ గాదెలో పోస్తారు. సీటు లెక్క కూడా గాదెలోనే పోసి ఉంటారనుకుంటున్నాను, అది తయారుచేసినవాళ్ల ఇష్టం అన్నాను.

ఆయన చాలాసేపు ఆ బటన్ వైపే చూశారు. "అయితే కరెంటు పోయినా చావనిది ఒకటుందన్నమాట" అన్నారు. ఆ తర్వాత వారం రోజులు చెరువు గట్టు మీద కనిపించిన ప్రతివాడికీ ఈ గాదె సంగతి చెప్పారట. మరదలు చెప్పిందని నా పేరు కూడా వేశారట. నా పాఠం అంత శ్రద్ధగా విన్న స్టూడెంట్ ఇప్పటిదాకా నాకు ఇంకొకరు దొరకలేదు.

ఆయన పోయారు. చెరువులో కొత్తగా సీడు, అంటే రొయ్య పిల్లల్ని, వేయించి ఎన్నో రోజులు కాలేదు. మధ్యాహ్నం అన్నం తిని, ఛాతీలో బరువుగా ఉందన్నారు. భీమవరం ఆసుపత్రికి తీసుకెళ్లేలోపే అయిపోయింది. అంత మనిషి అంత తేలిగ్గా ఎలా పోయాడో నాకిప్పటికీ మింగుడు పడదు.

కర్మకాండల్లో మా వైపు శయ్యాదానం ఉంటుంది. పోయినవారి మంచం, పరుపు, దిండు, చెప్పులు, గొడుగు బ్రాహ్మణుడికి ఇచ్చేస్తారు. పోయినవారికి అక్కడ అవసరమవుతాయని. బావగారి మంచం ఆయన పొడవుకు ప్రత్యేకంగా చేయించింది. పరుపులో ఆయన పడుకునే వైపు పల్లం పడి ఉండేది. చెప్పులు ఆయన కాళ్లకు తప్ప ఎవరికీ సరిపోవు. అన్నీ ఒకటొకటిగా గుమ్మం దాటి వెళ్లిపోయాయి. అక్క స్తంభానికి ఆనుకుని చూస్తూ నిలబడింది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండునని నాకనిపించింది.

ఆ తర్వాత ఒక రోజు కారు షెడ్డులో కనిపించింది. డ్రైవర్ వైపు తలుపు తీసి సీటును చూస్తోంది. ఆ రోజుల్లో మాకోసం కారు నడిపిన డ్రైవర్ పొట్టి మనిషి. సీటు ముందుకు లాక్కుని, పైకెత్తుకున్నాడు. ఇదెవరిదో సీటులా ఉందే అంది అక్క. దానికేం, ఒకటో బటన్ నొక్కితే బావగారి సీటు వచ్చేస్తుంది అని నేను చెయ్యి చాపాను.

అక్క నా చెయ్యి పట్టుకుంది. "నొక్కకు. ఆయన కొలతది ఆ ఒక్కటే మిగిలింది. నేను నొక్కగలిగిన రోజున నేనే నొక్కుతాను" అంది.

అక్కడి నుంచి కారు కదల్లేదు. తాళంచెవి అక్క బొడ్లోనే ఉండేది.

తుఫాను వచ్చింది. నేను సెలవులకు అక్క దగ్గరే ఉన్నాను. రోడ్ల మీద చెట్లు పడ్డాయి, స్తంభాలు పడ్డాయి, కరెంటు పోయింది. చెరువు దగ్గర జనరేటర్ నడుస్తోందిలే అని ధైర్యంగా ఉన్నాం. పొద్దున్నే చెరువు చూసుకునే నూకరాజు వానలో మోటార్ సైకిల్ మీద వచ్చాడు. బావగారి దగ్గర చాలా ఏళ్లుగా ఉన్న మనిషి. వాకిట్లోనే నిలబడిపోయాడు.

"అమ్మగారండీ, డీజిల్ పోద్దామని జనరేటర్ ఆపానండి. మళ్లీ లేవట్లేదండి. దాని బ్యాటరీ పోయిందండి. రొయ్య అంచులకొచ్చి తేలిపోతందండి."

జనరేటర్ లేవాలంటే బ్యాటరీ కావాలి. ట్రాక్టర్ బ్యాటరీ అప్పటికే పక్కవాళ్ల చెరువుకి పోయింది. భీమవరం దారి మూసుకుపోయింది. మబ్బు పట్టిన రోజు నీళ్లలో గాలి అసలే తక్కువ. నూకరాజు మాట్లాడుతూనే షెడ్డు వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు. అడగడానికి అతనికి నోరు రాలేదు. బురదలో కారు గట్టు ఎక్కదు. బ్యాటరీ ఊడదీసి మోటార్ సైకిల్ మీద పట్టుకెళ్లాల్సిందే.

అక్క నా వైపు తిరిగింది. ఆమె ఏమడుగుతుందో నాకు తెలుసు. బ్యాటరీ తీసేస్తే ఆయన సీటు ఉంటుందా, పోతుందా?

చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. బావగారికి గాదె కథ చెప్పినప్పుడు నాకది తేలికే. ఇప్పుడు అక్క ముఖం చూస్తూ చెప్పాలి. ఉండాలి అక్కా, కానీ ఈ కంపెనీవాళ్లు దాన్ని ఎందులో పెట్టారో ఖాయంగా తెలియదు అన్నాను. గడియారం మాత్రం కచ్చితంగా పోతుంది, అది మళ్లీ పెట్టుకోవాలి అన్నాను. పోనీ ఇప్పుడే బటన్ నొక్కి, సీటు వెనక్కి వెళ్లాక టేపుతో కొలిచి సుద్దముక్కతో గీతలు పెట్టేస్తాను, పోయినా మళ్లీ సర్దుకోవచ్చు అని కూడా అన్నాను. శాస్త్రం ప్రకారం అది సరైన సలహా.

"మనిషిని టేపుతో కొలుస్తావా?" అంది అక్క.

ఆ చెరువులో ఉన్నది బావగారు తన చేత్తో వేసిన చివరి సీడు. ఇటు చూస్తే ఆయన సీటు. రెండూ ఆయనవే. ఏది వదులుకోవాలో నన్నడిగితే నేను చెప్పలేకపోయేదాన్ని. రొయ్య ఎంతసేపు ఆగుతుందని అక్క నూకరాజునడిగింది. ఎంతోసేపు ఆగదండి అన్నాడు.

అక్క షెడ్డులోకి వెళ్లి, కారు తలుపు తీసి, సీటు తల మీద చెయ్యి వేసి కాసేపు నిలబడింది. తర్వాత తనే వంగి బానెట్ లీవరు లాగింది.

"తీసెయ్ నూకరాజూ. ఆయనుంటే నన్నడక్కుండానే తీసుండేవారు" అంది.

గోనెసంచిలో చుట్టిన బ్యాటరీని ఒళ్లో పెట్టుకుని నూకరాజు వానలోకి వెళ్లిపోయాడు. మధ్యాహ్నానికి తిరిగొచ్చాడు. జనరేటర్ లేచిందండి, రొయ్య కిందకి దిగిందండి అని చెప్పాడు. అక్క అతనికి అన్నం పెట్టించి, పూజ గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

కొన్నాళ్లకు కరెంటు వచ్చింది. జనరేటర్‌కి కొత్త బ్యాటరీ కొన్నారు. కారు బ్యాటరీ ఇంటికొచ్చి వసారాలో చెక్కపలక మీద కూర్చుంది. అక్క దాన్ని కారులో పెట్టనివ్వలేదు. నేను వచ్చినప్పుడల్లా పోరు పెట్టాను. ఒకరోజు విసుక్కుని అసలు సంగతి చెప్పింది. పెట్టి చూస్తే ఉందో పోయిందో తేలిపోతుంది. తెలియనంతసేపు ఉన్నట్టే కదే అంది.

రాజమండ్రి వెళ్లాక నేను ఆ చిప్పుల గురించి మళ్లీ చదివాను. ఏటేటా పిల్లలకు చెప్పే పాఠమే, పరీక్షలో ఎన్ని మార్కులకు వస్తుందో అంతవరకే చెప్పేదాన్ని. ఈసారి చదువుతుంటే కళ్లు చెమర్చాయి. కంటికి ఆనని గది ఒకటి. చుట్టూ గాజులాంటి పొర. విద్యుత్తుతో బలంగా నెట్టి కొన్ని ఎలక్ట్రాన్లను ఆ గదిలోకి పంపుతారు. నెట్టడం ఆపేస్తే అవి అక్కడే ఉండిపోతాయి. బయటికి దారి లేదు. కరెంటు అక్కర్లేదు, కాపలా అక్కర్లేదు, ఏళ్లకేళ్లు అలాగే ఉంటాయి. గది నిండితే ఒక అర్థం, ఖాళీగా ఉంటే ఇంకో అర్థం. అలాంటి గదులు వేలకు వేలు పేర్చి, వాటిలో ఒక మనిషి కాళ్ల పొడవూ నడుం వంపూ దాచిపెట్టారు. ఎవరు కనిపెట్టారో గానీ ఆ మహానుభావులకు దణ్ణం పెట్టాలనిపించింది. వాళ్లు తమ లెక్కలేవో తాము చూసుకుని ఉంటారు. భీమవరం పక్క ఊళ్లో ఒక ఆడమనిషి దీని మీద ప్రాణం పెట్టుకుని కూర్చుంటుందని వాళ్లకు తట్టి ఉండదు.

గడియారం కథ వేరు. ఇక్కడ కొంచెం జాగ్రత్తగా చదవండి, ఎందుకంటే నా గొడవంతా ఇక్కడే ఉంది. గుర్తుపెట్టుకోవడం వేరు, లెక్కపెట్టడం వేరు. గాదెలో గింజలు ఊరికే ఉంటాయి. గడియారం ఊరికే ఉంటే కుదరదు, క్షణం క్షణం లెక్కపెడుతూ ఉండాలి. లెక్కపెట్టడానికి కరెంటు కావాలి. బ్యాటరీ తీసేస్తే లెక్క ఆగిపోతుంది. మళ్లీ పెడితే పన్నెండు నుంచి మొదలవుతుంది. ఒకవేళ పాత టైము ఎక్కడైనా దాచుకున్నా, బ్యాటరీ తీసిన నాటి టైము చూపించాలి. అంతే తప్ప మధ్యలో గడిచిన రోజులు దానికి తెలిసే వీల్లేదు.

పంట పట్టుబడికి వచ్చింది. కొనేవాళ్లు ఐసు లారీతో పొద్దున తొమ్మిది దాటాక వస్తామన్నారు. మా వైపు మొదటి వల దించేముందు చెరువుకి పసుపు, కుంకుమ వేసి కొబ్బరికాయ కొడతారు. ఎప్పుడూ బావగారు కొట్టేవారు. ఈసారి అక్క కొట్టాలి. కారులోనే వెళ్తాను, ఆయన పంట దగ్గరికి ఆయన కారులోనే వెళ్తాను అంది. నేను ముందు రోజే వచ్చాను.

మర్నాడు పొద్దున్నే భీమవరం నుంచి వెంకన్న అనే ఎలక్ట్రీషియన్ వచ్చి, చార్జింగ్ పెట్టించి తెచ్చిన బ్యాటరీ బిగించాడు. నేను పక్కనే నిలబడ్డాను. తుఫాను నాటి నుంచి బానెట్ పైపైన మూసి ఉంది, తలుపులకు తాళం. అతను తలుపు ముట్టుకోలేదు, లోపల కూర్చోలేదు. బిగించడం అయ్యాక, గడియారం పెట్టుకోవాలండి, పన్నెండు చూపిస్తది అని చెప్పి చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు. అతనికి మా ఇంటి పది నిమిషాల సంగతి తెలియదు.

అక్క చీర కట్టుకోవడం ఎంతకీ తెమల్లేదు. బయటికొచ్చి, గ్యాస్ ఆపానా అని మళ్లీ లోపలికెళ్లింది. నేను వాకిట్లో నిలబడి అరుస్తున్నాను. అప్పుడు నాకొక్కసారిగా బావగారు గుర్తొచ్చారు.

అక్క తాళం తీసింది. పక్క నుంచి నేను ఫోన్‌లో వీడియో తీయడం మొదలుపెట్టాను. అక్క కూతురు శ్రావణి కాకినాడలో చదువుతోంది. పరీక్షలని రాలేకపోయింది, సీటు వస్తే చూపించు పిన్నీ అని మరీ మరీ చెప్పింది. అక్క బయటే నిలబడి, వంగి, ఇంజిన్ ఆన్ చేసింది. తలుపుకున్న ఒకటో బటన్ మీద వేలు పెట్టింది. ఫిజిక్స్ చదివినదాన్ని, కానీ ఆ క్షణంలో నా దేవుళ్లందరినీ తలుచుకున్నాను.

నొక్కింది.

సీటు కదిలింది. సన్నగా మోటారు చప్పుడు. వెనక్కి జరిగింది, ఇంకా జరిగింది. మామూలు మనిషికి అంత చోటు ఎందుకనిపించేంతగా జరిగింది. తర్వాత కిందికి దిగింది. ఆఖర్న వీపు భాగం కొద్దిగా వాలి ఆగింది. పొడవాటి మనిషి ఒకాయన కూర్చోబోతుంటే చోటిచ్చినట్టే ఉంది.

అక్క అందులో కూర్చుంది. కాళ్లు బ్రేకుకి అందలేదు. గాల్లో తన పాదాలు చూసుకుని ముందు నవ్వింది. తర్వాత స్టీరింగు మీద తల పెట్టి ఏడ్చింది. మంచం వెళ్లిపోయిన రోజు రాని ఏడుపు, ఇంతకాలం తర్వాత, ఊరంతా వినపడేలా ఏడ్చింది. నేనూ ఏడ్చాను. వెంకన్న తుడుచుకుంటున్న చేతులు అలాగే పట్టుకుని గుమ్మం దగ్గర ఆగిపోయాడు.

కాసేపటికి అక్క కొంగుతో ముఖం తుడుచుకుని రెండో బటన్ నొక్కింది. సీటు ఆమెను ఎత్తుకుని ముందుకు తెచ్చింది. ఈసారి పాదాలు అందాయి. దండగ అన్న బటన్.

నేను వెళ్లి పక్క సీట్లో కూర్చున్నాను. పన్నెండు చూపిస్తున్న గడియారాన్ని సరిచేద్దామని చెయ్యి చాపాను. అది పన్నెండు చూపించడం లేదు. ఎనిమిది యాభై అయిదు. ఫోన్ చూశాను, ఎనిమిది నలభై అయిదు. మళ్లీ చూశాను. కళ్లజోడు తీసి తుడిచి పెట్టుకుని చూశాను. సరిగ్గా పది నిమిషాలు ముందుంది.

అక్కా, గడియారం అన్నాను.

అక్క చూసింది. ఆశ్చర్యపోతుందనుకున్నాను. పోలేదు. సీటు బెల్టు పెట్టుకుంటూ, రోజూ అనే మాట అన్నట్టే అంది.

"లేటైపోయిందే, పద. చూడు, ఇంకా నన్ను తొందరపెడుతూనే ఉన్నారు."

కాలవ గట్టు మీద అక్క కారు నడిపింది. నేను తలుపు పట్టుకుని కూర్చున్నాను. లారీ కన్నా ముందే చేరాం. కొబ్బరికాయ ఒక్క దెబ్బకు రెండు చెక్కలైంది. పంట బాగుంది. నూకరాజు దోసిలి నిండా రొయ్యలు తెచ్చి అక్కకు చూపించి, అయ్యగారి సీడండి అన్నాడు. ఆ తుఫాను పొద్దున అక్క తీసుకున్న నిర్ణయం తలుచుకుంటే ఇప్పటికీ నాకు అక్క మీద గౌరవం పొంగుకొస్తుంది. నాకంత గుండె లేదు.

అందరితో పాటు నేనూ ఊరుకోవాల్సింది. ఊరుకుంటే నేనెందుకవుతాను? వీడియో తిరగేసి చూశాను. అక్క ఇంజిన్ ఆన్ చేసి డాష్‌బోర్డు వెలిగినప్పటి నుంచీ గడియారం పది నిమిషాలు ముందే ఉంది. మేమెవరమూ అప్పుడు దాన్ని చూడలేదు, అందరి కళ్లూ సీటు మీదే. శ్రావణి దగ్గర కూడా ఆ వీడియో ఉంది. షోరూమ్‌కి ఫోన్ చేసి అడిగాను. ఈ బండిలో గడియారం ఉపగ్రహంతో గానీ ఫోన్‌తో గానీ కలవదు, చేత్తోనే పెట్టుకోవాలి మేడమ్ అన్నారు.

మా ఎలక్ట్రానిక్స్ లెక్చరర్‌కి చెబితే, ఎవరో పెట్టి ఉంటారన్నారు. ఎవరండీ అని అడిగాను. తాళంచెవి అక్క బొడ్లో. బ్యాటరీ బిగించాక అక్క కన్నా ముందు తలుపు తీసినవాళ్లు లేరు. బ్యాటరీ లేకుండా గడియారం పెట్టడం ఎవరి తరమూ కాదు. అయితే మీరే పొరపాటు పడి ఉంటారన్నారు. వీడియో చూపించాను. ఆయన టీ తెప్పించారు.

కారు తీసుకెళ్లి వెంకన్న చేత పరీక్ష చేయిస్తానంటే అక్క నవ్వింది. "అనుమానం పెనుభూతం అంటారు. నీకు భూతం మీద నమ్మకం లేకపోయినా అనుమానం మీద ఉంది. తీసుకెళ్లు, లేకపోతే నీకు తిండి సయించదు" అంది.

భీమవరంలో వెంకన్న నా ఎదురుగానే బ్యాటరీ వైరు ఊడదీశాడు. టీ తాగి వచ్చి మళ్లీ బిగించాడు. ఒకటో బటన్ నొక్కితే బావగారి సీటు వచ్చింది. రెండోది నొక్కితే అక్క సీటు వచ్చింది. గడియారం పన్నెండు చూపించింది. మళ్లీ ఊడదీయించాను. మళ్లీ పన్నెండే. సీట్లు ఎక్కడివక్కడే. నేను చదువుకున్న ఫిజిక్స్ రెండుసార్లూ అక్షరం పొల్లుపోకుండా నిజమైంది. తుఫాను తర్వాత ఆ ఒక్క పొద్దున తప్ప.

వెంకన్నే కారు నడిపి నన్ను ఇంటి దగ్గర దింపాడు. షెడ్డులో కారు ఆగాక డాష్‌బోర్డు చూశాను. గడియారం పన్నెండు దాటి ఏదో తప్పుడు టైము చూపిస్తోంది. బావగారి పది నిమిషాలు లేవు. కొండను తవ్వి ఎలుకనైనా పట్టలేదు, ఉన్నది కూడా పోగొట్టాను.

అక్క వచ్చి పక్కన నిలబడింది. గడియారం చూసింది, నన్ను చూసింది. కారులో కూర్చుని, నా చేతిలోంచి ఫోన్ తీసుకుని టైమెంతో చూసింది. గడియారం కింద ఉన్న చిన్న మీట నొక్కుతూ సరైన టైముకి తెచ్చింది. ఆగలేదు. ఇంకో పది నిమిషాలు ముందుకు తిప్పి, అప్పుడు చెయ్యి తీసింది.

ఇప్పుడా కారులో ఉన్న పది నిమిషాలు అక్క పెట్టినవి. నా కళ్లతో చూశాను కాబట్టి ధైర్యంగా చెప్పగలను. అంతకుముందు ఉన్నవి ఎవరు పెట్టారో నాకు తెలియదు.